తెల్లగానే ఉండిపోయిన పూసలు

రిటైర్డ్ జనరల్ చచ్చిపోయేటప్పటికి ఆయన వేళ్ల మధ్య సిగార్ ఇంకా కాలుతూనే ఉంది. గుండెపోటు అన్నారు. అంతకు ముందు నెల ఒక జడ్జి అలాగే పోయాడు. అదీ గుండెపోటే. గుండెకి నోరు లేదు కాబట్టి ఎవరి పాపమైనా దాని మీదకి తోసెయ్యొచ్చు.

"ఇద్దరూ ఒకే సిగార్ క్లబ్ మెంబర్లు," అన్నాడు చీఫ్. "సిగార్‌లో విషం దొరికింది. ఎలా ఎక్కిందో తెలీదు. సరిహద్దు అవతలి ముఠా పని. మూడో టార్గెట్ అదే క్లబ్‌లో ఉన్న మీ మామయ్య."

ఎదురుగా నిలబడ్డది ముంగిస అనే కోడ్‌నేమ్ ఉన్న ఏజెంట్. తండ్రి పోయాక అతన్ని పెంచింది ఆ మేనమామే. ఈ సాయంత్రం సరిహద్దు ఒప్పందం మీద సంతకం పెట్టేదీ ఆయనే. పెట్టగానే సిగార్ ముట్టిస్తాడు. ఏ సంతకానికీ తప్పని అలవాటు.

"ముట్టించొద్దని చెప్పలేదా, సార్?"

"చెప్పాను. 'చుట్ట లేని సంతకం నాకొద్దు, నువ్వే పెట్టుకో' అన్నారు. ఆయన సిగార్లన్నీ పొద్దున ల్యాబ్‌లో చూశాం. క్లీన్. నువ్వు ముఠా సంగతి చూడు. లోపల మన మనిషి ఉంది, క్లబ్ సెక్రటరీ. కోడ్ చెప్పి పలకరిస్తుంది."

చీఫ్ అతని చేతిలో ఒక చిన్న తేమ మీటర్ పెట్టాడు. సిగార్లు ఎండిపోతాయన్న భయంతో ఆ పిచ్చోళ్లంతా అలాంటిది జేబులో వేసుకు తిరుగుతారు. దీంట్లో మాత్రం మైకు ఉంది.

క్లబ్ ఒక పెద్ద హోటల్ కింది అంతస్తులో. సంతకాల హాలు అదే హోటల్ నాలుగో అంతస్తులో. అక్కడ జామర్లు పెట్టారు, ఏ ఫోనూ మోగదు.

టైల్స్ వ్యాపారి వేషంలో, పెట్టుడు మీసంతో ముంగిస క్లబ్‌లో అడుగుపెట్టాడు. కిటికీలు తెరవని గది. గోడ పొడుగునా దేవదారు పెట్టెలు, ప్రతి పెట్టెకీ ఒక ముల్లు మీటర్. గుమ్మం పక్కన బోర్డు: 'సరుకు అమ్మేవాళ్లు ఎర్ర బ్యాడ్జి పెట్టుకోవాలి. తమ మనుషుల చేత తమ సరుకును పొగిడించుకోరాదు.'

మంచి రూలే. రూలు రాయగానే మనుషులు బాగుపడితే జైళ్లెందుకు?

ఎర్ర బ్యాడ్జి ఒక్కడికే ఉంది. పెట్టెల్లో తేమ నిలబెట్టే పూసలు అమ్ముతాడు. అందరూ పూసల డాక్టర్ అంటారు. చేతులు కట్టుకుని మూల కుర్చీలో కూర్చున్నాడు, అడిగితే తప్ప పెదవి విప్పడు. ఆ మర్యాద చూస్తే ముంగిసకి ఒళ్లు మండింది. అరవడానికి వేరేవాళ్లున్నప్పుడు వీడెందుకు అరుస్తాడు? బ్యాడ్జి లేని ముగ్గురు మెంబర్లు మిగతా మూడు మూలల్లో చేరి ఒకటే భజన.

"డాక్టర్ పూసలు వాడాక ఇంకోటి ముట్టబుద్ధి కాదండీ!" అన్నాడు వాళ్లలో బట్టతలాయన.

"వాటికి నీళ్లు ఎప్పుడు పొయ్యాలండీ?" అమాయకంగా అడిగాడు ముంగిస.

"వారం వారం పోస్తాను. అయినా కొన్ననాడు ఎలా ఉన్నాయో అలాగే! ముత్యాల్లా తెల్లగా!"

ముంగిస మనసులో లెక్క వేసుకున్నాడు. పూస దాహంతో ఉంటేనే తెల్లగా ఉంటుంది. నీళ్లు తాగితే గాజులా మారిపోతుంది. ఒక్క పెట్టె ఉన్నవాడికైనా ఆ సంగతి తెలుసు. ఈ భజనగాడు జన్మలో వాడి ఉండడు, తడిపినవి చూసి మాత్రం ఉంటాడు. నీళ్లు పోసినా తెల్లగా ఉందంటే అది నీళ్లు తాగడం లేదు. తడి తగలగానే ఇంకేదో కక్కుతోంది. ఆ విషమే పొగాకులోకి ఎక్కుతోంది.

"ఇవాళ గాలి పొడిగా ఉంది కదండీ?"

పచ్చ సిల్కు గౌను, ఊపిరాడనివ్వని సెంటు. క్లబ్ సెక్రటరీ.

"తేమ డెబ్బై దాటితే బూజు పడుతుందండీ," అన్నాడు. కోడ్ కుదిరింది.

ఆమె గొంతు తగ్గించింది. "మామయ్య గురించి బెంగ పెట్టుకోకు. మధ్యాహ్నం ఆయన పెట్టె నేనే సర్దాను. డాక్టర్ పూసలే పోసి, తడిపి మరీ చేతికిచ్చా."

అంటూ సన్నటి సిగార్ కోసం తన వెండి డబ్బా తెరిచింది. అందులో ఒక జాలీ సంచీ. దాన్నిండా పూసలు. గాజులా మెరుస్తున్నాయి.

ఊరందరికీ డాక్టర్ పూసలు. తనకి మాత్రం అసలువి!

"మేడమ్, మీరెందుకో డాక్టర్ సరుకు వాడరే?"

నవ్వు ఆమె మొహం మీదే గడ్డకట్టింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి దూరింది. చిన్న పిస్తోలు బయటికొచ్చేలోపు ముంగిస ఆ మణికట్టు విరిచిపట్టి, మీటర్‌లో అరిచాడు: "చీఫ్! తలుపులు ముయ్యండి! డాక్టర్, ముగ్గురు భజనగాళ్లు, మన సెక్రటరీ. ఆ 'మన' కొట్టెయ్యండి!"

డిపార్ట్‌మెంట్ మనుషులు లోపలికి పడుతుంటే అతను మెట్ల మీద పరుగెడుతున్నాడు. మీసం రెండో అంతస్తులో ఊడిపోయింది.

నాలుగో అంతస్తులో చప్పట్లు. సంతకం అయిపోయింది. మామయ్య నోట్లో సిగార్. చేతిలో లైటర్ మంట పైకి లేస్తోంది.

"మామయ్యా! వద్దు!"

చప్పట్లలో ఆ కేక కలిసిపోయింది. టేబుల్ మీది నీళ్ల జగ్గు అందుకుని విసిరికొట్టాడు. మంట చుయ్యిమంది. మరుక్షణం నలుగురు గార్డులు అతన్ని కార్పెట్‌కి అదిమేశారు.

"వదలండ్రా! మా అక్క కొడుకు వాడు!"

మామయ్య ముక్కు మీంచి నీళ్లు కారుతున్నాయి. మేనల్లుడు చెప్పింది విని, తన పెట్టె తెరిచి చూశాడు.

"తడిపారుగా ఇవి... తెల్లగా ఉన్నాయేంట్రా?"

"అది చూడకుండానే నోట్లో పెట్టుకున్నారా?"

"అంత అందంగా నవ్వుతూ ఇస్తే పూసల మొహం ఎవడు చూస్తాడ్రా!"

తర్వాత ఆయన చూపు టేబుల్ మీదకి మళ్లింది. నీళ్లకి సిరా పాకిపోయి ఒప్పందం మీద సంతకం చెరువైపోయింది.

"మళ్లీ పెట్టాలి," అన్నాడు. "పెట్టాక ముట్టించాలి. నీ దగ్గర చుట్టేమైనా ఉందా?"

ముంగిస తన టైల్స్ వ్యాపారి వేషం జేబులోంచి ఒకటి తీశాడు. ముట్టించి, ముందు తను ఒక దమ్ము లాగి, బతికే ఉన్నానని ఖాయం చేసుకున్నాకే మామయ్యకి ఇచ్చాడు.