పాత కోర్టులో బంతి చప్పుడు

ఆ కాలేజీలో చీకటి పడ్డాక పాత బాస్కెట్‌బాల్ కోర్టు వైపు ఎవరూ పోరు. హాస్టల్‌కి అదే దగ్గర దారి. అయినా లైబ్రరీ చుట్టూ తిరిగి, కాళ్ళు నొప్పెట్టినా సరే, అటు నుంచే పోతారు.

లోపల లైటుండదు. తలుపులు వేసే ఉంటాయి. అయినా వినిపిస్తుంది...

ధబ్... ధబ్... ధబ్...

కాసేపు ఏమీ ఉండదు. తర్వాత బోర్డుకి ఏదో తగిలినట్టు పెద్ద చప్పుడు. మళ్ళీ ధబ్...

ఎప్పుడో ఒక ఆటగాడు ఫైనల్లో ఆఖరి ఫ్రీ త్రో తప్పి కప్పు పోగొట్టాడట. ఆ బెంగతోనే పోయాడట. ఆ ఒక్క బంతీ పడేదాకా వేస్తూనే ఉంటాడట. కళ్ళారా చూసిందెవరని అడిగితే మాత్రం ప్రతివాడూ పక్కవాణ్ణి చూపిస్తాడు.

ఇదంతా నాకు చెప్పింది మా అక్క కొడుకు. నా సొంతం ఒక్క ముక్క లేదు. వాడు ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడతాడు. ఆరున్నర అడుగుల మనిషి, అందరూ నిచ్చెన అంటారు. పొడుగు చూసే జట్టులోకి తీసుకున్నారు, ఆట చూసి కాదు. ఎవరూ అడ్డు రాకుండా గీత దగ్గర ఊరికే నిలబడి ఫ్రీ త్రో వెయ్యమన్నా పదింట్లో రెండు పడితే గొప్ప.

మిగతావాళ్ళూ వాడికి తగ్గవాళ్ళే. ఆ ఏడాది ఏడు మ్యాచ్‌లాడి ఏడూ ఓడారు. ఒకదాంట్లో అవతలి జట్టువాళ్ళు ఇద్దరు ఫౌళ్ళయి బయటికెళ్ళారు, మార్చడానికి మనుషుల్లేరు. మిగిలిన ముగ్గురి చేతిలో కూడా ఓడిపోయారు.

ప్రిన్సిపల్ పిలిచి చెప్పేశాడు. ఎనిమిదోది కూడా ఓడితే జట్టు రద్దు. కోర్టులో విరిగిన బెంచీలు వేయిస్తాడట.

"జట్టు పోతే నేనెందుకు పనికొస్తాను మావయ్యా?" అన్నాడు నాతో. "ఫ్యాన్లు తుడవడానికి తప్ప."

వాళ్ళకో కోచ్ ఉన్నాడు. ఆ ఏడే కొత్తగా వచ్చాడు. సాయంత్రమంతా కోర్టు గీత పక్కన నిలబడి ఈల ఊదుతాడు, అరుస్తాడు. ఆయన అరుపుకి కిటికీ అద్దాలు అదిరేవి.

ఆఖరి మ్యాచ్‌కి ఇంకా ఐదు రోజులుంది. రాత్రి తొమ్మిదిన్నరకి నిచ్చెనకి గుర్తొచ్చింది, బూట్లు కోర్టులోనే వదిలేశానని. వాడి పాదానికి బూట్లు షాపుల్లో దొరకవు, చేయించుకోవాలి. పోతే చెప్పుల్తో ఆడాల్సిందే.

పక్క తలుపు గడియ ఊడిపోయిందని ఆటగాళ్ళకి తెలుసు. మెల్లగా తోశాడు. లోపలంతా కాటుక పూసినట్టుంది. చేత్తో గోడ తడుముకుంటూ రెండడుగులు వేశాడు...

ధబ్... ధబ్...

ఆగిపోయాడు.

చీకట్లోంచి గుసగుస. "మోకాళ్ళు వంచు... మోచెయ్యి లోపలికి..."

తర్వాత బోర్డు దద్దరిల్లింది. ఆ వెంటనే ఒక నిట్టూర్పు — నూతి అడుగునుంచి వచ్చినట్టు. "నావల్ల కాదు..."

మావాడు బూట్ల మాట మర్చిపోయి కాళ్ళకి బుద్ధి చెప్పాడు.

కెప్టెన్‌ది పక్క గది. పొట్టివాడు, దేనికీ జంకడు. అంతా విని, నింపాదిగా అడిగాడు. "దెయ్యానికి మోకాళ్ళుంటాయా?"

"మోచేతులు కూడా ఉన్నాయిరా. చెప్పింది."

"అయితే మనకి కోచింగ్ ఇస్తోందన్నమాట. తీసుకుందాం, పోయేదేముంది?"

మర్నాడు రాత్రి ఇద్దరూ బయల్దేరారు. నిచ్చెనకి భయంతో జ్వరమొచ్చింది. హాస్టల్ తెల్లదుప్పటి నెత్తిమీంచి కప్పుకుని కెప్టెన్ చొక్కా పట్టుకుని నడిచాడు.

పక్క తలుపు తోశారు. లోపల నేలమీద చిన్న వెలుగు — సెల్‌ఫోన్‌ది. దాని ముందు తెరిచిపెట్టిన పుస్తకం. పుస్తకం పక్కన రెండు కాళ్ళు. కాళ్ళ పైన ఏముందో కనబడలేదు.

"ఊపిరి... ఊపిరి గురించి రాయలేదేంటి..." అంటోంది గుసగుస.

సరిగ్గా అప్పుడే నిచ్చెన తుమ్మాడు.

ఆ కాళ్ళు ఇటు తిరిగాయి. వాటికి కనబడిందేమిటంటే — తలుపు దగ్గర ఆరున్నర అడుగుల తెల్లటి ఆకారం, ముఖం లేదు. బంతి జారి పడింది. ఆ కాళ్ళు గ్యాలరీ మెట్లకేసి పరిగెత్తి, సగం దూరం చేతులమీద కూడా పాకి, పై మెట్టు మీద ముడుచుకు కూర్చున్నాయి.

"నన్నొదిలెయ్ నాయనా..." అంది పైనుంచి ఒక గొంతు. "రేపే రాజీనామా ఇచ్చేస్తాను..."

కెప్టెన్ చెవులు రిక్కించాడు. ఆ గొంతు రోజూ వినేదే. "సార్?" అన్నాడు.

పై మెట్టు మీద ఒక తల మెల్లగా పైకి లేచింది.

"దుప్పట్లో ఎవరు?" అని వచ్చింది చివరికి.

"నిచ్చెన సార్. జ్వరం."

కోచ్ మెట్లు దిగి వచ్చాడు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బంతికేసి చూస్తూ చెప్పాడు. "నేను ఈత కోచ్‌ని రా. చేరిన వారానికే కొలనుకి పగులొచ్చి నీళ్ళు తీసేశారు. ప్రిన్సిపల్ గారు ఈ జట్టు అప్పజెప్పారు. నలభై ఆరేళ్ళొచ్చేదాకా ఈ బంతి ముట్టుకోలేదు. లైటేస్తే మీకు తెలిసిపోతుందని నెల రోజులుగా చీకట్లో... ఇప్పటికి ఒక్కటీ పడలేదు."

నవ్వు తన్నుకొస్తోంది గానీ, ఆయన కళ్ళు చూసి ఇద్దరూ మింగేశారు. కెప్టెన్ లైటేశాడు. ఆయన మోచెయ్యి పట్టుకుని సర్దాడు. "ఇలా సార్."

ఇరవయ్యో బంతికో ఎంతకో ఒకటి పడింది. ఆయన ఈల ఊదబోయి, రాత్రని గుర్తొచ్చి ఆగాడు.

తర్వాత నిచ్చెన వేశాడు. తప్పింది. ఇంకోటి తప్పింది. కోచ్ దగ్గరికొచ్చాడు.

"ఊపిరి బిగబట్టి వేస్తున్నావురా. నీళ్ళలో అలా చేస్తే మునుగుతావు. వదిలేస్తూ వెయ్యి."

వదిలేస్తూ వేశాడు. పడింది. "అదృష్టం సార్," అన్నాడు. మళ్ళీ వేశాడు, పడింది.

మ్యాచ్ దాకా రోజూ రాత్రి ముగ్గురూ అక్కడే. పగలు మాత్రం ఆయన యథాప్రకారం అరిచేవాడు.

ఆఖరి మ్యాచ్‌లో నాలుగు సెకన్లుందనగా మావాడి జట్టు ఒక పాయింటు వెనక. నిచ్చెనకి రెండు ఫ్రీ త్రోలు. హాలంతా చూస్తోంది. గీత అవతల కోచ్, అందరూ చూస్తుండగానే, పెద్దగా ఊపిరి తీసి వదిలి చూపించాడు. మొదటిది పడింది. రెండోది రింగు మీద ఒక చుట్టు తిరిగి, ఆలోచించి, లోపలికి దిగింది.

జట్టు నిలిచింది. కోచ్ సంతోషం పట్టలేక ఈల ఊదితే, అది తన పని అని రిఫరీ మందలించాడు.

సెలవుల్లో ఆ కోర్టుకి కొత్త చెక్క నేల వేయించడానికి ప్రిన్సిపల్ ఒప్పుకున్నాడు. కొలతలు తీసుకోడానికి వడ్రంగి వచ్చాడు. కోచ్, నిచ్చెన పక్కనే ఉన్నారు.

"ముందు ఈ నేల వాలు సరిచెయ్యాలయ్యా," అన్నాడు కోచ్ వడ్రంగితో.

"ఏ వాలు సార్?" అన్నాడు నిచ్చెన.

"మీరు రాకముందు నేనొక్కణ్ణే వేసేవాణ్ణి కదా. చీకట్లో బంతి ఎక్కడ పడ్డా, దొర్లుకుంటూ సరిగ్గా నా కాళ్ళ దగ్గరికే వచ్చేది. నెల రోజుల్లో ఒక్కసారీ వెళ్ళి తెచ్చుకోలేదు. మీరిద్దరూ వచ్చాకే పరిగెత్తాల్సొచ్చింది."

వడ్రంగి సంచిలోంచి ఒక గాజు గోళీ తీసి బోర్డు కింద నేలమీద పెట్టాడు. ముగ్గురూ వంగి చూశారు.

గోళీ కదల్లేదు.