ఒనేజిమ్ ఇంటి పొగ

మా కొండ ఊరు మోంబ్రెల్‌లో కాలిన సందు అని ఒకటుంది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు. ఎందుకు వెళ్ళరని అడిగితే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు.

అసలు ఊరు మొదట ఆ సందు ఉన్న పల్లంలోనే ఉండేదట. ఎప్పుడో రాజుల కాలంలో స్వీడన్ సైన్యం వచ్చి మొత్తం తగలబెట్టింది. బతికినవాళ్ళు పైకి పాకి, కొండ మీద కొత్త ఊరు కట్టుకున్నారు. అందుకే మాకు చర్చీ శ్మశానమూ కింద, జనం పైన. ఇక ఉన్న ఒక్క వాగూ మా దగ్గర రాతి బిలంలోకి దూరి, పక్క ఊరు లా వెర్న్‌లో పైకి తేలుతుంది. బిలం మాది, మిల్లు వాళ్ళది. ఆ ఊరంటే మాకు పడకపోవడానికి వేరే కారణం అక్కర్లేదు.

ఆ మంటల్లో కాలకుండా ఆ సందులో మిగిలింది ఒకే ఒక్క ఇల్లు. అందులో చివరగా ఉన్నది ఒనేజిమ్ తాత. ఆయన పోయాక వారసులెవరూ రాలేదు. ఎత్తుకుపోయేందుకు ఏమీ లేదు గనుక తలుపుకి తాళం కూడా వేయలేదు.

అలాంటి ఇంట్లోంచి... ఒక నవంబరు సాయంత్రం పొగ లేచింది.

ఈ కథ నాకు మా అమ్మ చెప్పింది. సగం ఆవిడ కళ్ళారా చూసింది, సగం జెలీ నోట విన్నది. మూడో సగం కూడా ఉందేమో నాకు తెలీదు.

జెలీ కాలిన సందుకి అవతల, పల్లంలో ఉండేది. మొగుడు పోయాడు, నాలుగు ఆవులు మిగిలాయి. రోజూ సాయంత్రం పాలు పితికి, క్యాను వీపుకి కట్టుకుని, పైన ఊళ్ళో పాలకేంద్రానికి తేవాలి. అక్కడ అందరి పాలూ ఒకే రాగి కాగులో పోసి చీజ్ చేస్తారు. గంట మోగడం ఆగితే తలుపు పడుతుంది. ఆ తర్వాత వచ్చిన పాలు పందులకి పోసుకోవలసిందే.

పొగ సంగతి విన్న దగ్గర్నుంచి జెలీ సందు మానేసి, శ్మశానం పక్కగా కొండ చుట్టి రావడం మొదలెట్టింది.

"శ్మశానమంటే భయం లేదుటే నీకు?" అంది మా అమ్మ.

"అక్కడ అందరూ తెలిసినవాళ్ళేగా," అంది జెలీ.

కానీ ఆ దారి దూరం. ఒకసారి ఆలస్యమైంది. ఇంకోసారీ అయింది. చీజ్ చేసే తియోఫిల్ మంచివాడే, కానీ కాగు దగ్గర చుట్టరికాలు చూడడు.

"జెలీ, నీ మీద నాకేం కోపం లేదు. ఇంకోసారి ఆలస్యమైతే మాత్రం కాగులో నీకు వాటా ఉండదు. ఇక ఎప్పటికీ."

వాటా పోతే పాలు కొనేవాడు లేడు. ఆవులు అమ్ముకోవాలి. ఆవులు పోతే ఇక జెలీకి మోంబ్రెల్‌లో ఏముంది?

ఊళ్ళో అందరికంటే ఎక్కువ భయపెట్టినవాడు మేయరు ఫుల్జాన్స్. ఊరికి పెద్ద ఆసామి, ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. కాఫీ కొట్లో కూచుని గొంతు తగ్గించి చెప్పేవాడు — "నా కళ్ళతో చూశాను. ఒనేజిమ్ మంట ముందు కూచుని చలి కాగుతున్నాడు. నన్ను చూసి... లోపలికి రమ్మని చెయ్యూపాడు."

ఆ మాటతో పిల్లులు కూడా ఆ సందు మానేశాయని మా అమ్మ అనేది.

ఒక రోజు జెలీ ఆవు ఈనడం మొదలెట్టింది. దూడ అడ్డం తిరిగింది. దాన్ని బయటికి లాగి, మిగతావి పితికేసరికి చీకటి పడిపోయింది. పొగమంచు కమ్మేసింది. ఇక కొండ చుట్టి వెళ్తే అందదు.

క్యాను వీపుకెత్తుకుంది. సందులోకి అడుగు పెట్టింది.

తన అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. క్యానులో పాలు తొణికితే ఎవరో వెనకాల గుటక వేసినట్టుండేది... ఆగితే ఆగేది. తల తిప్పకూడదనుకుంది. ఒనేజిమ్ ఇంటి ముందుకి రాగానే తల దానంతటదే తిరిగింది.

పొగ... నిజంగానే లేస్తోంది.

లోపల ఎవరో గుసగుసగా మాట్లాడుతున్నారు.

"నెమ్మది... నెమ్మదిగా... నా బంగారాలు..."

జెలీ ఆగిపోయింది. అప్పుడే వాసన తగిలింది. జూనిపర్ పొద కొమ్మల పొగ వాసన. మా వైపు పుట్టినవాళ్ళు కళ్ళు మూసుకుని చెప్పేస్తారు ఆ పొగ దేనికి పెడతారో. మా ఇళ్ళకి నడిమధ్యన పొగగది ఉంటుంది, పైకి పోనుపోను సన్నబడే చెక్క గూడు. కింద మంట పెట్టి, పైన దూలాలకి పంది తొడలు నిలవకి వేలాడదీస్తారు.

దెయ్యానికి పంది తొడలెందుకు?

భయం పోలేదు. కానీ దాని పక్కన కోపం వచ్చి కూచుంది. తలుపు నెట్టింది.

పైన చీకట్లో ఏవో వేలాడుతూ ఊగుతున్నాయి. కింద మంట పక్కన బొగ్గులాంటి మొహం... ఎర్రటి కళ్ళు... ఆమె వైపే తిరిగాయి.

"జెలీ... అరవకు..."

దెయ్యానికి తన పేరు తెలుసు. జెలీ మరియమ్మని తలుచుకుంది. ఇంతలో ఆ మొహం గట్టిగా తుమ్మింది. ఆదివారం చర్చిలో కిటికీలు అదిరే ఆ తుమ్ము ఊరందరికీ తెలుసు.

"మేయరుగారూ?"

"...కాదు."

"మరి ఈ తొడలెవరివి?"

"...ఒనేజిమ్‌వి."

"పందిని ఎప్పుడు కోశారు? అరుపు వినపడలేదే."

మేయరు పొయ్యిలోకి ఇంకో కొమ్మ తోశాడు. "లా వెర్న్‌లో కోయించాను," అన్నాడు.

మా ఊళ్ళో పందిని కోస్తే, ఆ చలికాలం పొగ లేచిన ప్రతి గడపకీ ఒక పళ్ళెం వెళ్ళాలి. సాసేజి, కాస్త కండ. ఆ పళ్ళేన్ని కడక్కుండా, ఖాళీగా కాకుండా తిరిగి ఇవ్వాలి. కడిగితే పొత్తు కడిగేసినట్టే. ఊరంతటికీ పంచాలంటే ఫుల్జాన్స్‌కి ప్రాణం పోతుంది. తన ఇంట్లో పొగ పెడితే వాసన పట్టేస్తారు. అందుకని చచ్చినవాడి పొగగూడు వాడుకున్నాడు, కాపలాకి వాడినే పెట్టాడు.

ఇంతలో పైన పాలకేంద్రం గంట మొదలైంది.

"మీ వల్ల నా ఆవులు పోతున్నాయి," అంది జెలీ. ఆవిడకి ఏడుపొచ్చింది. "నేను నోరు విప్పను. ముందు ఈ క్యాను ఎత్తుకుని పరిగెత్తండి."

తియోఫిల్ తలుపు సగం దించేశాడు. ఆ సగంలోంచి మసి మొహంతో, వీపున క్యానుతో ఓ ఆకారం రొప్పుతూ దూరింది. మా అమ్మ మేరీమాతా అంటూ బల్ల ఎక్కేసింది. వెనకాలే జెలీ వచ్చి, "నా పాలు," అంది.

తియోఫిల్ పాలు కాగులో పోశాడు. పోస్తూ ఒకసారి గాలి పీల్చాడు. పక్కవాళ్ళూ పీల్చారు. జెలీ ఇచ్చిన మాట తప్పలేదు. మేయరు కోటుకి పట్టిన పొగ వాసనే అంతా చెప్పేసింది.

ఆదివారం పళ్ళేలు బయల్దేరాయి. మేయరు భార్య పంచుతుంటే, మేయరు ఒక్కో ముక్కకీ కళ్ళు మూసుకునేవాడు. అన్నీ అయ్యాక తియోఫిల్ అన్నాడు —

"ఇంకో గడప ఉంది. పొగ లేచిన ప్రతి గడపకీ కదా, మేయరుగారూ? ఒనేజిమ్ ఇంట్లో పొగ లేచిందని మీరేగా చెప్పారు."

ఊరంతా నవ్వింది. మేయరు పళ్ళు నూరుకుంటూ వెళ్ళి, ఆ ఖాళీ ఇంటి గడప మీద నిండు పళ్ళెం పెట్టి వచ్చాడు. నక్కలు తింటాయిలే అనుకున్నారు.

తెల్లారేసరికి ఆ పళ్ళెం మేయరు గుమ్మంలో ఉంది.

కడగలేదు. ఖాళీగానూ లేదు. అందులో గుప్పెడు ఎండు పియర్ పళ్ళు... చిన్నవి, పొగ వాసనవి. ఒనేజిమ్ తాత బతికినన్నాళ్ళూ ప్రతి పళ్ళెంలోనూ అవే పెట్టి పంపేవాడు. అలాంటి చెట్టు ఊళ్ళో ఆయన పెరట్లో తప్ప లేదు. తాత పోయిన ఏడే అది గాలికి పడిపోయింది. దాన్ని కోసి పొయ్యిలో పెట్టుకున్నది ఫుల్జాన్సే.

అందరూ జెలీ వైపు చూశారు.

"నాకా చెట్టెక్కడిది?" అంది జెలీ.

ఆ చలికాలం నుంచీ చర్చికి కొండ చుట్టి శ్మశానం పక్కగా వెళ్ళేది మేయరు. జెలీ కాలిన సందులోంచే వచ్చేది, ఒక్కనాడూ ఆలస్యం కాలేదు. ఒనేజిమ్ గడప దగ్గర క్యాను ఒకసారి సర్దుకుని, "వెళ్ళొస్తా తాతా," అనేదట.

"భయం వెయ్యదుటే?" అని మా అమ్మ అడిగింది.

"పళ్ళెం ఖాళీగా పంపని పొరుగువాడంటే భయమెందుకు?" అంది జెలీ. తర్వాత గొంతు తగ్గించింది. "క్యాను సగమే ఉన్నరోజు తాత ఏం మాట్లాడడు... నిండు క్యాను ఎత్తుకొచ్చినరోజు మాత్రం, మెల్లిగా వెళ్ళమంటాడు."