గిటార్ మెడకి పావుచుట్టు

"ముట్టుకోకండి! ఎలాగో చెప్పండి చాలు, నేనే చేసుకుంటాను."

వాయిద్యాల రిపేరు షాపతను స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గిటార్ తెచ్చి, దాని మీద చెయ్యి వెయ్యనివ్వని మనిషిని చూడటం అతనికి ఇదే మొదటిసారి.

ఎదురు వరసలో పాత బట్టలు సరిచేసి కుట్టే టైలరమ్మాయి ఆమె. సెకండ్‌హ్యాండ్‌లో బేస్ గిటార్ కొని రెండు నెలలైంది. లావు తీగ మీటితే చాలు, డబ్బాలో కందిరీగ పడ్డట్టు గరగరలాడుతుంది. ఆదివారం పొద్దున ఒక బ్యాండ్‌వాళ్లు ఆమె వాయించడం వింటామన్నారు. ఆ గరగర పోతేనే రమ్మని ముందే చెప్పేశారు. ఇవాళ మంగళవారం.

"నాకిస్తే అరగంట పని," అన్నాడతను.

"తర్వాత మళ్లీ వస్తే? స్టేజి మీదకి మిమ్మల్ని కూడా మోసుకెళ్లాలా?"

అతని పెదవి చివర నవ్వొచ్చి వెళ్లింది. మాటలు ఆచితూచి వాడే మనిషి. ఆమె అప్పుడే మనసులో అతనికి 'ముక్తసరి మాస్టారు' అని పేరు పెట్టేసింది.

"మెడ లోపల ఇనపకడ్డీ ఉంది. ఈ ఆరుపలకల అలెన్ కీ దానికి పెట్టి పావుచుట్టు తిప్పండి. తీగకీ, మెడ మీది ఈ ఫ్రెట్ కమ్మీకీ మధ్య సందు ఈ రేకుతో కొలవండి. చాలకపోతే మళ్లీ పావు. అంతకు మించొద్దు."

బుధవారం తిప్పింది, కొలిచింది. సందు సరిగ్గా కుదిరింది. శ్రుతి చేసి మీటితే గరగర అక్కడే ఉంది. గురువారం ఇంకాస్త తిప్పితే తీగలు పైకి లేచాయి, నొక్కీ నొక్కీ వేళ్లు బొబ్బలెక్కాయి. శుక్రవారం వెనక్కి తిప్పితే గరగర రెట్టింపైంది.

"పంతానికి పోయి దాన్ని పాడుచేస్తున్నావే. అతనికిచ్చెయ్," అంది కాజాలు కుడుతున్న అమ్మ.

"ఎక్కడ తప్పుతున్నానో తెలిసేదాకా ఇవ్వనమ్మా."

ఈలోగా మాస్టారు రోజుకో ప్యాంటు పట్టుకుని ఆమె కొట్టుకి వస్తూనే ఉన్నాడు. శనివారం మధ్యాహ్నానికి నాలుగోది వచ్చింది.

"నడుం వదులు చెయ్యాలా? నిన్నటిది బిగించమన్నారుగా! రాత్రికి రాత్రే లావయ్యారా?"

అతను ప్యాంటు బల్ల మీద పరిచాడు. ఆమె టేపు తియ్యగానే, సాయం చేద్దామని ప్యాంటు నడుముని రెండు చేతులా లాగి పట్టుకున్నాడు.

"లాగకండి మాస్టారూ! గుడ్డని లాగి కొలిస్తే కొలత అబద్ధం చెబుతుంది. గిటార్ తీగలు కూడా వదులు చేసే కొలుస్తున్నాను తెలుసా?"

అతని చేతిలోంచి ప్యాంటు జారిపోయింది. "వదులు చేసా? అయ్యో! తీగలు లాగితేనే కదండీ మెడ వంగేది! శ్రుతిలో ఉండగానే కొలవాలి. ఆ ముక్క చెప్పాల్సింది. ఎవరైనా వదులు చేస్తారని నాకు తట్టనే లేదు."

నాలుగు రోజుల తిప్పలకి ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వెంటనే గిటార్ ఒళ్లోకి తీసుకుంది. అతని చెయ్యి అలవాటుగా అలెన్ కీ వైపు సాగి, సగంలో ఆగి, బుద్ధిగా జేబులోకి వెళ్లిపోయింది. తన పని తనకి వదిలేసిన మనిషి ఆమెకి చాలా నచ్చాడు.

శ్రుతి చేసింది, కొలిచింది, పావుచుట్టు తిప్పింది. మళ్లీ శ్రుతి, మళ్లీ కొలత. మూడోసారి మీటితే లావు తీగ నిండుగా, నున్నగా పలికింది.

"అమ్మయ్య!" అంది అమ్మ.

"సరే, ఇప్పుడు చెప్పండి. ఇన్ని ప్యాంట్లెందుకు తెచ్చారు?"

అతను నేల చూపులు చూశాడు. "నాకు మాటలు రావు. ప్యాంట్లయితే ఉన్నాయి. ఐదోది లేదు. మీరంటే నాకు ఇష్టం."

అమ్మ దారం తెంపడానికని తల వంచుకుని నవ్వుకుంది. అమ్మాయి మాత్రం బెట్టుగా, "రేపు బ్యాండ్ గదికి రండి. అక్కడ చెప్తాను," అంది.

ఆదివారం ఆ గది ఏసీ చలికి వణుకుతోంది. రాత్రంతా వెచ్చటి కొట్టులో ఉన్న గిటార్ మెడకి అది పడలేదు. మొదటి దెబ్బకే గరగర! బ్యాండ్ నాయకుడు మొహం చిట్లించాడు. "మా గిటార్లు బాగుచేసే ఆయన ఇక్కడే ఉన్నారుగా, ఆయనకివ్వండి."

"ఆవిడ చూసుకుంటారు," అన్నాడు మాస్టారు, కూర్చున్న చోటినుంచి కదలకుండా.

"రెండు నిమిషాలు," అని ఆమె అలెన్ కీ తీసింది. శ్రుతి చూసుకుంది, రేకు పెట్టింది, పావుచుట్టు తిప్పింది. తర్వాత పాట మొదటినుంచి చివరిదాకా వాయించింది. అప్పటికి నాయకుడి మొహం విప్పారింది. "మంగళవారం నుంచి ప్రాక్టీసుకి వచ్చెయ్యండి," అన్నాడు.

మెట్లు దిగుతూ ఆమె ఆగింది. "నాకూ మీరంటే ఇష్టం," అంది.

ఇక మాస్టారు మాట్లాడటం మొదలుపెట్టాడు. కొట్టు దగ్గరికి చేరేదాకా ఆమెకి ఒక్క ముక్కకి కూడా సందివ్వలేదు.