ఆపిన బండిలో లేచిన ముల్లు

పి. గన్నవరం దిగువన, కాలువ నీళ్లు ఆపే పాతలాకు దగ్గర చీకటి పడ్డాక బండి పెట్టకూడదని అక్కడ ఎవర్నడిగినా చెప్తారు. ఏ బండి అనుకునేరు... సైకిళ్లూ, స్కూటర్లూ, కొబ్బరికాయల లారీలూ నిక్షేపంగా పోతాయి. ఆగేది ఒక్కటే — కాంట్రాక్టరు వరప్రసాదంగారి ప్రొక్లెయిన్. దెయ్యాలకి కూడా మట్టి తవ్వే మిషనంటేనే మోజు కాబోలు.

ఆ దెయ్యం పేరు బుల్లిరాజు.

కాలువలు కట్టేసే వేసవిలోనే పూడికతీత పనులన్నీ అయిపోవాలి. మళ్లీ నీళ్లు వదిలేస్తారు. అందుకని రాత్రిపూట కూడా తవ్వుతారు. రెండువేల ఎనిమిది వేసవిలో అలా తవ్వుతుండగానే, ఆయన ఆ ఏడే సెకండ్‌హ్యాండులో కొన్న ప్రొక్లెయిన్ గట్టు వాలు మీంచి పల్టీకొట్టి ఎండిన కాలువలో పడింది. ఆపరేటరు బుల్లిరాజు కేబిన్‌లోనే పోయాడు.

తాగి నడిపాడన్నారు. మొదట ఎవరో అన్నారు, తర్వాత అందరూ అన్నారు.

శవం లేవకముందే అన్నయ్య ఎర్రయ్య కూడా అనేశాడు — "తాగి చచ్చేడు" అని, బుల్లిరాజు భార్య పార్వతి వింటుండగా. ఆవిడ తలెత్తి ఒక్కసారి చూసింది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు.

ఎర్రయ్యకి ఏడుపు రాలేదు. దినం నాడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. తింటున్నదేమిటో తెలియకుండా తినేవాడు. ఎవరైనా పలకరిస్తే కాసేపటికి గానీ పలికేవాడు కాదు.

మరుసటేడు కాలువ కట్టగానే అదే బండిని బాగుచేయించి, అక్కడే పెట్టారు. పగలంతా బాగానే తవ్వేది. చీకటి పడ్డాక, సరిగ్గా లాకు దగ్గరికొస్తే... ఇంజను టక్కున ఆగేది. ఆపేసిన బండిలో, ఇంజను జోరు చూపే మీటరు ముల్లు దానంతటదే లేచిందని చెప్పి ఒక ఆపరేటరు చెప్పులొదిలేసి పరిగెత్తాడు. తర్వాత వచ్చినవాళ్లు పని మొదలుపెట్టే ముందు గట్టు మీద క్వార్టరు సీసా ఒంపడం మొదలెట్టారు. దాహం తీరితే బుల్లిరాజు వదిలేస్తాడని. మందు మట్టిలో ఇంకిపోయేది, బండి ఆగిపోయేది.

చివరికి ఎవరూ రాకపోతే ఎర్రయ్యే వచ్చాడు. ఆయనా అంతకుముందు వరప్రసాదంగారి దగ్గర ఆపరేటరే.

"నేను నడుపుతానండి" అన్నాడు. వరప్రసాదంగారు మొహమాటానికైనా వద్దనలేదు.

తమ్ముడంటూ అక్కడుంటే, ఎర్రయ్య అడగాల్సింది ఒక్కటే ఉంది.

మొదటి రాత్రి ఇంజను ఆగింది. ఎర్రయ్య తాళం తిప్పి, ఇంజను వేయకుండా చీకట్లో కూర్చున్నాడు. ముల్లు నెమ్మదిగా... లేచింది.

"బుల్లీ..." అన్నాడు గొంతు తగ్గించి, "తాగేవా?"

ముల్లు వణికింది. అంతే. ఎర్రయ్యకి భయం వేయలేదు. భయం వేస్తే బాగుండుననిపించింది.

మర్నాడు సాయంత్రం అమలాపురం నుంచి మెకానిక్ స్టీఫెన్‌ని రప్పించారు. నిమ్మళమైన మనిషి. చీకటి పడేదాకా టీ తాగుతూ కూర్చుని, అప్పుడు ఎర్రయ్య పక్కన కేబిన్‌ ఎక్కాడు. బండి లాకు దగ్గరికొచ్చింది. ఆగింది.

"డీజిలందకపోతే ఇంజను దగ్గి దగ్గి ఆగుద్దండి" అన్నాడు స్టీఫెన్. "ఇది దగ్గలేదు. శుభ్రంగా తిరుగుతుండగానే ముందు ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగింది. తర్వాతే ఇంజను ఆగింది. చూసేరా?"

"ఆయ్."

ఇంజను వెనక పళ్లచక్రం పక్కన వేలెడంత సెన్సారొకటి ఉంటుంది. చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో అదే కంప్యూటరుకి చెప్పాలి. అది తప్పు చెప్తే కంప్యూటరు డీజిలు కట్టేస్తుంది. స్టీఫెన్ దాన్ని విప్పి, టార్చి వెలుగులో చూశాడు. కొసన ఇనప రజను లేదు. తన సంచిలోని కరెంటు మీటరు పెట్టి చూస్తే బాగానే ఉంది. అయినా కొత్తది బిగించాడు. మళ్లీ ఆగింది.

ఈసారి ఇంజను వేయకుండా తాళం మాత్రం తిప్పించాడు. చక్రం కదల్లేదు... ముల్లు లేచింది.

స్టీఫెన్ సెన్సారు ప్లగ్గు పీకేసి, వచ్చి కేబిన్‌లోకి తొంగిచూశాడు. ఇప్పుడు ఆ తీగకి అవతల ఏమీ లేదు.

ముల్లు దిగలేదు.

"ప్రభువా..." అన్నాడు స్టీఫెన్, ఒకడుగు వెనక్కేసి.

"వచ్చేడండి" అన్నాడు ఎర్రయ్య.

ఇద్దరూ కదల్లేదు. కాలువ అవతల రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు నీళ్లు చిలుకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి ఆ చప్పుడూ ఆగిపోయింది. చెరువు గట్ల మీద దీపాలన్నీ పోయాయి.

ముల్లు సున్నా మీద పడింది.

కాసేపటికి కరెంటొచ్చింది. ఏరేటర్లు మోగాయి. ముల్లు లేచింది.

స్టీఫెన్ తలెత్తి చూశాడు. బండికి సరిగ్గా పైన చెరువులకెళ్లే పెద్ద లైను.

"త్రీఫేజు రాత్రే ఇస్తారు కదండీ వీళ్లకి?"

"ఆయ్, రాత్రే."

స్టీఫెన్ బండి కిందికి దూరాడు. సెన్సారు తీగని వేళ్లతో తడుముతూ పోయి, ఒకచోట ఆగాడు. ఆ తీగకి పైన వలలాంటి తొడుగుండాలి, బయటి కరెంటు సోకకుండా. ఎప్పుడో తెగితే ఎవరో మామూలు వైరుతో అతుకేసి టేపు చుట్టారు. తొడుగులేని ఆ ముక్క పైలైను కరెంటుని పట్టుకుని, ఇంజను చెప్పని లెక్క కంప్యూటరుకి చెప్తోంది.

"ఇదండీ మీ దెయ్యం."

ఎర్రయ్య పక్కన మోకాళ్ల మీద కూర్చుని టార్చి పట్టుకున్నాడు. "ఈ అతుకు... ఎప్పటిదండి?"

స్టీఫెన్ గోటితో గీరాడు. టేపు మీద పసుపు రంగు పెచ్చు లేచింది.

"అమ్మేముందు పాత ఓనరు బండికి రంగేయించేడు కదా... టేపు మీదే కొట్టేసేరు. ఇది మీ ఊరు రాకముందుదండి."

"అంటే పోయినేడు..."

స్టీఫెన్ టార్చి తీసుకుని గట్టు వాలు కేసి వేశాడు. "వాలు మీద బకెట్టు నిండా మట్టితో ఉండగా ఇలా ఆగితే, ఎవరు మాత్రం ఏం చేస్తారండి" అన్నాడు.

ఆ తీగ మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. తర్వాత లాకు దగ్గరే తెల్లవార్లూ తవ్వినా ఇంజను ఆగలేదు. మధ్యలో ఒకసారి ఎర్రయ్యే ఆపి, తాళం తిప్పి చూశాడు. ముల్లు కదల్లేదు. పిలిచి చూశాడు. ఎవరూ లేరు.

తెల్లారి పార్వతి వాకిట్లో కల్లాపి చల్లుతుంటే ఎర్రయ్య వచ్చి గేటవతలే నిలబడ్డాడు.

"వాడు తాగలేదమ్మా. బండే ఆగిపోయింది."

పార్వతి బకెట్టు కింద పెట్టింది. ఏడాది తర్వాత నోరు విప్పింది.

"ఆ రాత్రి మీ తమ్ముడు అన్నం తినకుండా వెళ్లేరు బావగారూ. లాకు దగ్గర రాత్రి పనికి కాంట్రాక్టరుగారు మిమ్మల్నే పంపుతారని, మీకు ఒంట్లో బాగోలేదని, మీ బదులు తనే బయల్దేరేరు. మీకు చెప్పొద్దన్నారు."

ఎర్రయ్య గేటు పట్టుకున్నాడు. గట్టిగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.