పాత గేటు దగ్గర ఎర్ర బండి

జూలూరుపాడు దాటి ఏన్కూరు చేరేలోపు అడవిలో ఒక మలుపు ఉంది. ఒకప్పుడు అక్కడ కలప బండ్లను ఆపే గేటు ఉండేదట. ఇప్పుడు గేటు లేదు. రోడ్డుకు అటూ ఇటూ నాచుపట్టిన సిమెంటు దిమ్మెలు మాత్రం మిగిలాయి. అయినా దాని పేరు పాత గేటే.

పొద్దుగూకాక ఆ మలుపులో ఎవరూ బండి ఆపరు. ఆపాల్సి వస్తే... లెక్క చెప్పాలి.

ఎవరికంటే — ఒక పోలీసాయనకు. ఎప్పటి మాటో. రాత్రి డ్యూటీలో నిలబడి, వచ్చిన ప్రతి బండికీ చెయ్యి అడ్డం పెట్టి, లోపల ఎంతమంది ఉన్నారో చూసి పంపేవాడట. ఒక రాత్రి వచ్చిన లారీ ఆగలేదు. మనిషి అక్కడికక్కడే పోయాడు. లెక్క మాత్రం తేలలేదు. అందుకని ఇంకా చెయ్యి ఎత్తుతూనే ఉన్నాడట. బండి దగ్గరికి వస్తాడు. వంగి, మెల్లగా అడుగుతాడు — "ఎంతమంది?"

ఇద్దరం అన్నారా... తెల్లారేసరికి ఆ ఇంట్లో ఒకరు తగ్గుతారు.

అందుకే ఈ వైపు వాళ్ళకు ఒక అలవాటు. చీకట్లో ఆ దారిన పోతే ఉన్నవాళ్ళకు భద్రాద్రి రామయ్యను కూడా కలుపుకొని చెబుతారు. ఒక్కడే పోయేవాడు "ఇద్దరం" అంటాడు. ఇద్దరుంటే "ముగ్గురం" అంటారు. తగ్గించుకుంటే ఆ స్వామినే తగ్గించుకోనీ అని. ఆయన తగ్గేవాడు కాదు కదా! బస్సు కండక్టర్లు సైతం టికెట్ల లెక్క సరిచూసుకొని, పాత గేటు దగ్గర మాత్రం పెదాల్లోనే ఒకటి కలుపుకుంటారని చెప్పుకుంటారు.

ప్రమీలకు ఈ మాట అత్తగారింటికి వచ్చిన కొత్తలోనే చెప్పారు. వాళ్ళది దమ్మపేట దగ్గర పామాయిల్ తోటలున్న ఇల్లు. ఆమె భర్త వెంకటకృష్ణ వాళ్ళ తాత వెంకటరామారావుగారు కృష్ణా జిల్లా నుంచి వలసవచ్చి ఈ అడవి అంచున భూములు కొన్నారు. ఆయనే ఎర్ర బండిని కూడా కొన్నారు. మద్రాసులో ఎవరో తెల్లదొర దేశం విడిచి పోతూ అమ్ముకున్న రేసు కారు. ముక్కు పొడుగ్గా, నేలను రాసుకుంటున్నట్టు ఉంటుంది. కూర్చోడానికి రెండే సీట్లు. పైన కప్పు ఉండదు. గుడ్డ టాపు ఎప్పుడో చిరిగిపోయింది. ఏళ్ళ తరబడి గొడ్లపాకలో పడి ఉన్నదాన్ని కృష్ణ విప్పి, కడిగి, ఊరూరా తిరిగి సామాను ఏరుకొచ్చి మళ్ళీ నడిపించాడు. "ఈ బండికి పెట్టిన శ్రద్ధ నాకు పెట్టుంటే నేనూ రేసు గుర్రంలా ఉందును" అని ప్రమీల ఎత్తిపొడిచేది.

ఆ ఎత్తిపొడుపులన్నీ మార్గశిరం వచ్చేసరికి ఆగిపోయాయి.

వాళ్ళకు ఒక్కతే కూతురు, లిఖిత. ఒకటో తరగతి. మామూలు జ్వరమే అనుకున్నారు. ఫిట్స్ వచ్చాయి. మెదడుకు పాకిందన్నారు. ఖమ్మంలో ఒక పెద్దాసుపత్రిలో ఊపిరి మిషను మీద పెట్టారు. లోపలికి రానివ్వరు, అద్దంలోంచి చూడటమే. ఆ అద్దం ముందు నిలబడీ నిలబడీ ప్రమీల పాదాలు వాచిపోయాయి.

అప్పుడు అత్తగారు భారతమ్మ అన్నది: "అద్దానికి మొక్కితే ఏమొస్తుందే తల్లీ. ఇద్దరూ పోయి ఆ రామయ్య కాళ్ళ మీద పడండి. నేనూ పవనూ ఇక్కడ ఉంటాం."

పవన్ ప్రమీల తమ్ముడు. ఏ అవసరం వస్తుందోనని పెద్ద కారు అతని దగ్గరే ఉంచి, మొగుడూ పెళ్ళాలు బస్సులో ఇంటికొచ్చారు. తలస్నానం చేసి, ముడుపు కట్టి, ఎర్ర బండి తీసుకొని భద్రాచలం పోయారు. దర్శనం బాగా అయింది. పూజారి ఇచ్చిన తలంబ్రాలు ప్రమీల కొంగున ముడివేసుకుంది. మనసు కాస్త తేలికపడినట్టే అనిపించింది.

పాల్వంచ దాటుతుండగా పవన్ ఫోన్ చేశాడు.

"అక్కా... ఎక్కడున్నారు? జల్దీ రండి."

"ఏమైందిరా?"

ఫోన్లో వెనకాల ఎవరో ఏడుస్తున్నారు. అది అత్తగారి గొంతేనా అని ప్రమీల చెవి రిక్కించింది.

"ఒరే పవన్... ఏమైందిరా?"

"డాక్టర్ మిమ్మల్ని రమ్మంటున్నాడక్కా. ఫోన్ బావకియ్యి."

కృష్ణ విన్నాడు. "ఊ" అన్నాడు. మళ్ళీ "ఊ" అన్నాడు. ఫోన్ ఆమె చేతిలో పెట్టి బండి వేగం పెంచాడు. పవన్ ఏమన్నాడో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. పిల్ల బతికి ఉండగా చేరాలి. ఇద్దరి మనసులో అదొక్కటే.

కొత్తగూడెం దాటేసరికి పొద్దు వాలింది. జూలూరుపాడు దాటేసరికి చీకటి. చెట్లు రెండు పక్కల నుంచీ రోడ్డు మీదికి వంగాయి. ఫోన్లో సిగ్నల్ పోయింది. కప్పు లేని బండి కదా — మంచు సూదుల్లా మొహానికి తగులుతోంది. ప్రమీల దాన్నీ పట్టించుకోలేదు. కొంగుముడిని గుప్పిట్లో పట్టుకొని రామనామం చెప్పుకుంటూనే ఉంది.

"ఏమండీ."

"ఊ."

"పాత గేటు వస్తోంది. రామయ్యను కలుపుకోండి."

"నువ్వు కలుపుకో. నన్ను రోడ్డు చూడనీ." గొంతు తగ్గించి అన్నాడు — "ఇంకా మన దగ్గర తగ్గించడానికి ఏముందే..."

"ఆ మాట అనకండి!"

మలుపు తిరిగారు.

లైట్ల వెలుతురులో — రోడ్డు మధ్యన ఒక మనిషి. ఖాకీ బట్టలు. ఎత్తిన చెయ్యి.

కృష్ణ బ్రేకు తొక్కాడు. బండి కీచుమంటూ జారుకుంటూ పోయి సరిగ్గా ఆ మోకాళ్ళ ముందు ఆగింది. ఇంజను రెండుసార్లు దగ్గి... చల్లబడిపోయింది.

అడవంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. కీచురాళ్ళు కూడా లేవు.

"ఎందుకాపారు..." ప్రమీల గొణిగింది.

"మనిషైతే? తొక్కించి పొమ్మంటావా?"

ఆ ఆకారం కదిలింది. మెల్లగా, బండి చుట్టూ తిరిగి కృష్ణ వైపుకు వచ్చింది. తలకూ ముఖానికీ మఫ్లర్ చుట్టి ఉంది. కళ్ళు మాత్రమే. అడుగుల చప్పుడు కోసం ప్రమీల చెవులు రిక్కించింది... వినబడలేదు.

"లోపటి లైటెయ్యి."

ఈ అడవి దారుల్లో పోలీసులు ఆపితే, ముందు లైట్లు ఆర్పి లోపలి లైటు వెయ్యాలి. ఉన్నవాళ్ళ మొహాలు కనబడాలి. చిన్నప్పట్నుంచీ అందరికీ తెలిసిన పద్ధతే. కానీ కప్పే లేని బండికి లోపలి లైటు ఎక్కడిది?

"లేదండీ," అన్నాడు కృష్ణ.

ఆ మనిషి ఇంకా కిందికి వంగాడు.

"ఎంతమంది?"

ఆ నిమిషంలో ప్రమీలకు దెయ్యం గుర్తులేదు, అడవి గుర్తులేదు. మిషను మీదున్న పిల్ల ఒక్కతే కనబడింది. ఈ మాట తప్పు చెబితే... కొంగుముడి గట్టిగా బిగించి పట్టుకుంది.

"ముగ్గురం."

టార్చి వెలిగింది. కృష్ణ మొహం మీద ఆగింది. ప్రమీల మొహం మీదికి వచ్చింది. ఆ తర్వాత కిందికి దిగింది. అక్కడ కాసేపు నిలిచింది... ఆరిపోయింది.

"అవ్. ముగ్గురే."

ఒప్పుకున్నాడు! ఒప్పుకుంటే వదిలేసినట్టే అని పెద్దవాళ్ళు చెప్పిన మాట గుర్తొచ్చి ప్రమీల కళ్ళు మూసుకుంది. రామయ్య తండ్రీ, నా బిడ్డను కాచావు...

గర్‌ర్‌ర్ మని ఏదో అరిచింది. ఇద్దరూ ఎగిరిపడ్డారు. ఆ మనిషి భుజానికి తగిలించుకున్న వైర్‌లెస్ సెట్టు.

"ఏంది బద్యా, పండుకున్నవా? సెట్టు ఎత్తవేంది?"

"లేద్సార్! బండి ఆపిన సార్! చెక్ జేస్తున్న సార్!"

కృష్ణకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసిపోయిన నవ్వు. చచ్చినవాణ్ణి ఏ ఎస్సై తిడతాడు!

"ఏంది సారూ, నన్ను జూసి నవ్వుతున్నరు?" మఫ్లర్ కిందికి లాగాడు. కోరమీసాలు, పాన్ నమిలిన పెదాలు, మామూలు మనిషి మొహం. కాళ్ళకు కాన్వాస్ బూట్లు.

"నిన్ను... వేరే అనుకున్నాం."

"దయ్యమనుకున్నరా? మీరొక్కలేనా! ఇందాక ఆటోల బోయేటోడు నన్ను జూసి ఆటో ఇడిసిపెట్టి పొదలల్ల దుంకిండు. వాణ్ణి బయటికి తెచ్చేసరికి నా పానం మీదికొచ్చింది." పకపకా నవ్వాడు. "నేను హోంగార్డును సార్. కారేపల్లి దిక్కు మా తండా. గంజాయి బండ్లు వస్తున్నయని మూన్నాళ్ళ కోసం ఈడేసిన్రు. నా జతగాడు చాయ్ తెస్తనని పోయిండు, పోయినోడు పోయినట్టే ఉన్నడు. నాకు మాత్రం భయం గాదా? సేవాలాల్ మహరాజును తలుసుకుంట నిలవడ్డ."

ప్రమీలకు ప్రాణం కుదుటపడింది. తమ్ముడి వయసే ఉంటుంది. ఇంత భయపడ్డందుకు సిగ్గేసింది కూడా.

"బండి మస్తుగుంది సారూ. సినిమాల బండా?"

"మా తాతది. బద్యా, మమ్మల్ని తొందరగా పంపు. ఖమ్మం దవాఖానాకు పోవాలి. ఆలస్యమైపోతోంది."

"అయ్యో! ముందుగాల చెప్పొద్దా సార్? పోన్రి, పోన్రి."

కృష్ణ తాళం తిప్పాడు. అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. చల్లారిన ఇంజను మూలిగి ఊరుకుంది. స్టీరింగ్ మీద పిడికిలితో గుద్దాడు. బద్యా వెనక్కి పోయి భుజం ఆనించి తోశాడు. రొప్పుతూ, తనలో తాను బండిని తిట్టుకుంటూ, దిమ్మెల దాకా తోశాడు. అప్పుడు అందుకుంది. ఎర్ర బండి ఒళ్ళంతా వణికించుకుంటూ లేచింది.

బద్యా పరుగున ప్రమీల పక్కకు వచ్చి తలుపు మీద చెయ్యి వేసి వగర్చాడు. చెయ్యి వెచ్చగా ఆమె మోచేతికి తగిలింది.

"దవాఖానా అంటే పాపకేనా అమ్మా?"

"అవును... జ్వరం. నీకెట్లా తెలుసు?"

"జూస్తనే ఉన్న గద. ఇప్పుడు తగ్గినట్టుందమ్మా, నిమ్మలంగ పండుకున్నది." గొంతు తగ్గించాడు, నిద్ర చెడుతుందేమో అన్నట్టు. "మా చిన్నది గూడ గిట్లనే, రెండు వేళ్ళు నోట్లె వెట్టుకొని పంటది. చెవులకేమన్న కట్టమ్మా. టాపు లేని బండి, బిడ్డకు మంచు గొడ్తది."

సెట్టు మళ్ళీ గర్‌ర్ మంది. "వచ్చిన సార్..." అంటూ బద్యా చీకట్లోకి పోయాడు.

ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఒకటో తరగతికి వచ్చినా ఆ అలవాటు మానలేదని వేళ్ళకు వేపాకు రసం రాసింది ప్రమీల. అయినా మానలేదు. నోట్లో గొట్టం పెట్టిన దగ్గర్నుంచీ మాత్రం ఆ రెండు వేళ్ళూ తెల్లటి దుప్పటి మీద ఊరికే పడి ఉన్నాయి. పొద్దున అద్దంలోంచి చూసి వచ్చింది. అలాగే పడి ఉన్నాయి.

అవి మళ్ళీ నోట్లోకి వచ్చాయంటే... ఆ గొట్టం తీసేశారన్నమాట.

ఒళ్ళోకి చూసుకునే ధైర్యం ఆమెకు లేదు. కృష్ణ కూడా విన్నాడు. గేరు మీద చెయ్యి అలాగే బిగుసుకుపోయింది. ఆమె వైపు తల తిప్పలేదు. చాలాసేపటికి, ఎవరో వెనక నుంచి నెట్టినట్టు, బండి కదిలించాడు.

ప్రమీల కొంగు తీసి ఒళ్ళో కప్పబోయింది. ముడి ఉండటంతో గుడ్డ చాలలేదు. ముడి విప్పేసింది. తలంబ్రాలు కాళ్ళ దగ్గర రాలిపోయాయి. కొంగు మొత్తం పరిచి, రెండు పక్కలా చుట్టూ దోపి, పైన చెయ్యి వేసుకుంది. చేతి కింద ఏ బరువూ తగల్లేదు. అయినా తియ్యలేదు.

అడవి అయిపోయింది. ఏన్కూరు దీపాలు కనబడ్డాయి. వెంటనే ఫోన్ మోగింది. పవన్. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

కృష్ణకు తెలియకుండానే కాలు ఇంకా యాక్సిలరేటర్‌ను తొక్కుతూనే ఉంది. గాలి చెవుల పక్కన హోరుమంటోంది. ప్రమీల రెండో చేతిని అతని భుజం మీద ఆనించింది.

"మెల్లగా పోనివ్వండి," అంది. "పాపకు చలి."