తిమ్మరాయప్ప కాలు

"కళ్ళు మూసుకోండి సిస్టర్. దారం తగిలితే చెప్పండి."

"తగల్లేదు సారూ."

"నేనింకా పెట్టనే లేదు!"

"అదే చెప్తా ఉండా. కాలు ముట్టుకునేదానికి మీకింత సిగ్గయితే పేషెంట్లు యాడికి పోవాల?"

హాలంతా గొల్లున నవ్వింది. డాక్టర్ ప్రణవ్ చెవులు కందిపోయాయి. రాబర్ట్‌సన్‌పేటలో డాక్టర్లకూ నర్సులకూ షుగర్ వైద్యంలో ట్రైనింగ్. నైలాన్ దారం తాకించి పాదంలో స్పర్శ ఉందో లేదో చూడటం ఆనాటి పాఠం. జతలు కట్టింది ట్రైనర్ నాగరత్న మేడమ్. ఆ తల్లికి దండం పెట్టాలో, ఆవిడతో దెబ్బలాడాలో ప్రణవ్‌కి తెలియలేదు. ఎదురుగా నర్సు అర్పిత ఒంటికన్ను తెరిచి మరీ నవ్వుతోంది.

ఆ వారమంతా వాళ్ళిద్దరూ పోట్లాడుకోని పూట లేదు. ఇన్సులిన్ సూది ఎక్కడ పొడవాలన్నా పోట్లాటే, రాగి ముద్ద ఎంత తినాలన్నా పోట్లాటే. టీ వేళకి ఆమె కనబడకపోతే మాత్రం ప్రణవ్‌కి బిస్కెట్టు గొంతు దిగేది కాదు.

చివరికి ఒక సాయంత్రం, మనసులో మాట చెప్పేయాలని బస్టాపుకి పరిగెత్తాడు. కుండపోత వాన. బస్సు కోసం నిలబడ్డ అర్పిత అతన్ని చూసి నవ్వలేదు.

"మా నాయనకి షుగరుండాది సారూ. చెప్పులో నెత్తురు మరక చూసినాను. నొప్పే లేదంటాడు. నొప్పి లేదంటేనే కదా నాకు భయం! చూపించమంటే, కన్నకూతురు మహాలక్ష్మంట, తన కాలు ముట్టరాదంటాడు. డాక్టర్లంటే దేవుళ్ళంట, వాళ్ళూ ముట్టరాదంట. ఇంగ కాలు తీసేయాల్సి వస్తే ఏం చేసేది?"

చెప్పాలనుకున్న మాట మింగేసి, గొడుగు ఆమె చేతిలో పెట్టి, తడుస్తూ వెళ్ళిపోయాడు ప్రణవ్.

ట్రైనింగ్ ముగింపు రోజు అర్పిత సొంతూరు క్యాసంబళ్ళిలో క్యాంపు. ఆమె తండ్రి తిమ్మరాయప్పని ఎలాగో లాక్కొచ్చి ప్రణవ్ ముందు కూర్చోబెట్టింది. ఆయన కాళ్ళు రెండూ కుర్చీ కిందికి లాగేసుకున్నాడు.

"వద్దప్పా. నువ్వు నా కాలు ముట్టుకుంటే ఆ పాపం నాకు చుట్టుకుంటాది."

నాగరత్న మేడమ్ బతిమాలింది. ససేమిరా అన్నాడు. అర్పిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి ప్రణవ్ తట్టుకోలేకపోయాడు. మాట దానంతటదే బయటికి దూకింది.

"డాక్టర్‌గా కాదు మామా! మీ బిడ్డని పెండ్లి చేసుకుంటానని అడగతా ఉండా. పెద్దోళ్ళ కాళ్ళు చిన్నోడు పట్టుకుంటే పాపమెట్లయితాది?"

క్యాంపంతా నోరు తెరిచింది. బీపీ చూస్తున్న నర్సు గాలి కొట్టడం మరిచిపోయింది.

"ఎవుర్ని అడిగి అల్లుడైనావు?" అంది అర్పిత. కోప్పడబోయింది గానీ పాపం, నవ్వొచ్చేసింది.

తిమ్మరాయప్ప కూతురి మొహం చూశాడు. అది తెల్లారిన ఆకాశంలా వెలిగిపోతోంది. ఇంక అడగాల్సిందేముంది?

"పెండ్లిలో అల్లుడి కాళ్ళు మామ కడగాల కదప్పా! ఇదేంది, తిరకాసుగా ఉండాదే?"

"ఇప్పుడు నేను చూస్తాను. అప్పుడు మీరు కడగండి. చెల్లుకి చెల్లు."

పెద్దాయన పకపకా నవ్వి కాలు చాపాడు.

బొటనవేలి కింద పుండు. పక్కనే దారం తగిలినా ఆయనకి తెలియలేదు. అర్పిత ప్రణవ్ మొహంలోకి చూసింది.

"లోతుకి పోలేదు. ఇప్పుడు చూసినాము కాబట్టి మానిపోతాది," అన్నాడు ప్రణవ్. నాగరత్న మేడమ్ కూడా వంగి చూసి తలూపింది.

కట్టు గుడ్డ అందిస్తూ అర్పిత అతని చెవి దగ్గరికి వంగింది.

"మా నాయన కడిగే దినం దాకా నీ కాళ్ళు జాగర్త. చెప్పుల్లేకుండా తిరగగాకు."