ముందు చెరువుకి

కొల్లేటికోట దగ్గర కిక్కిస పొదల్లో దొరికిన పడవలో ఏజెంట్ యోసేపు ఇంకా కూర్చునే ఉన్నాడు. తూటా వీపులోంచి దూరింది. అంటే, వెనక కూర్చున్న మనిషిని నమ్మి తెడ్డు వేస్తూ ఉండగా చంపారన్నమాట.

ఆ ఒక్క సంగతే అతని భార్య సువర్ణకి నిద్ర లేకుండా చేసింది. ఆమెదీ అదే గూఢచారి డిపార్ట్‌మెంట్. యోసేపు మారువేషంలో కొల్లేరు వెళ్ళాడని తెలిసింది ముగ్గురికే: చీఫ్ ప్రసాదరావుకి, తనకి, ఢిల్లీ నుంచి దిగిన ఏజెంట్ మృదులకి. మృదులని చూస్తే సినిమాలవాళ్ళు కూడా తిరిగి చూస్తారు. సమాధి దగ్గర తెల్ల పట్టుచీరలో వచ్చి, నల్లకళ్ళద్దాలు తీసి మరీ సువర్ణని వాటేసుకుని ఏడ్చింది. ఆ సెంటు వాసన తలంటుకున్నా పోలేదు.

నలభయ్యో రోజు ప్రార్థన అయిన మర్నాడే ఏలూరు నుంచి కబురొచ్చింది. సువర్ణ తివాచీల కొట్టు మెట్లెక్కింది.

"బొచ్చె ఉందాండీ?"

"లేదండీ, శీలావతి తీసుకోండి," అన్నాడు గుమాస్తా.

తివాచీల కొట్లో చేపల బేరమేమిటని పక్కనున్న గిరాకీ తెల్లబోయాడు. ఈలోపు సువర్ణ వేలాడుతున్న తివాచీ పక్కకి తప్పించి వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

"కూర్చోమ్మా," అన్నాడు ప్రసాదరావు. "విదేశీ ముఠా. కైకలూరు అవతల సిల్వర్‌ఫిన్ అని బోర్డు పెట్టుకున్నారు. రొయ్యల రైతులకి ఆటోమేటిక్ బాక్సులు అమ్మారు. చెరువు నీళ్ళకి గాలందించే ఏరేటర్లన్నీ ఇప్పుడా బాక్సుల మీదే తిరుగుతున్నాయి. బాక్సులన్నిటినీ నడిపేది ఒకే ఒక్క సర్వర్. శుక్రవారం మధ్యాహ్నం అక్కణ్ణుంచి ఒక కమాండ్ వెళ్తుంది. కొల్లేరు చుట్టూ మోటార్లన్నీ ఒక్కసారే కాలిపోతాయి. ఈ ముసురులో గాలి అందకపోతే సాయంత్రానికి రొయ్యంతా చచ్చి తేలుతుంది. మన సరుకు పోతే మార్కెట్టు వాళ్ళది. యోసేపు కనిపెట్టింది ఇదే."

"ఆ సర్వర్ని ఇప్పుడే బద్దలుకొట్టొచ్చు కదండీ?"

"కొడితే ఇంకోటి తెస్తారు. నాయకుడు కావాలి. కోడ్‌నేమ్ పెలికాన్. కమాండ్ రోజు తప్ప గడప తొక్కడు. మన అదృష్టం, ఆ సర్వర్ పాడై కూర్చుంది. టెక్నీషియన్ కోసం ఏలూరంతా వెతుకుతున్నారు."

"నేను వెళ్తానండీ. కానీ మృదులగారికి తెలియకూడదు."

ప్రసాదరావు ఆమె మొహంలోకి చూశాడు. "పగతో వెళ్తే చెయ్యి వణుకుతుందమ్మా."

"వణికేది భయంతోనండీ. అది పాప దగ్గర వదిలేసి వెళ్తాను."

పాప షారోన్ తాడేపల్లిగూడెంలో అమ్మమ్మ దగ్గరుంది.

లావు కళ్ళద్దాలు, మెళ్ళో 'జయశ్రీ, సిస్టమ్ అడ్మిన్' అన్న కార్డు. సువర్ణ సిల్వర్‌ఫిన్ గేటు దాటేసరికి కరెంటు పోయింది. స్థలం యజమాని అబ్బాయిరాజు అన్నం తింటున్నవాడల్లా ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చి, జనరేటర్ పక్కనున్న చేంజోవర్ లీవర్ని కిందికి, చెరువుల వైపుకి లాగాడు. వెనక అతని చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళు చిమ్మడం మొదలెట్టాయి.

"ఆఫీసుకివ్వండి రాజుగారూ, ఉక్కిరిబిక్కిరైపోతున్నాం!" అని లోపల్నుంచి కేకలు.

"ముందు చెరువుకండీ! చెమటపడితే మనిషి చావడు, గాలాడకపోతే రొయ్య చస్తుంది." అప్పుడు సువర్ణని చూశాడు. "ఏలూరు నుంచేనా అమ్మా? భోంచేశారా?"

పక్కవాళ్ళ చెరువులన్నీ పోయినా తనవాటి జోలికి మాత్రం రామని ముఠా అతనికి మాటిచ్చింది. అలాంటివాడు భోజనం అడుగుతుంటే సువర్ణకి ఒళ్ళు మండింది. "అయిందండీ," అని నవ్వింది.

సర్వర్ని ఆన్ చేస్తే ఫ్యాన్లు రొదపెట్టి, బీప్‌మని ఆగిపోతోంది. మూత విప్పింది. కొల్లేటి చెమ్మకి మెమరీ కార్డుల అంచులు పచ్చగా చిలుమెక్కాయి. పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించింది. ఈసారి తెర వెలిగింది, కానీ బూట్ డిస్క్ లేదంది. పాత డిస్కు చచ్చింది. కొత్తది వేసి, పెన్‌డ్రైవ్‌లోంచి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం మొదలెట్టింది. 'డిస్కుని ఎన్‌క్రిప్ట్ చెయ్యాలా?' అన్న చోట టిక్కు పెట్టింది.

"అదేంటమ్మా?" అన్నాడు వెనకే నిలబడ్డ అబ్బాయిరాజు.

"డిస్కుకి తాళమండీ. దొంగలెత్తుకెళ్ళినా లోపలిది కనబడదు."

"వెయ్యమ్మా, రెండు వెయ్యి!"

అతను చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాక పాస్‌వర్డ్ కొట్టింది. మిషన్ ఆరి వెలిగినప్పుడు తప్ప ఆ తాళం ఎవరికీ కనబడదు. నెట్‌వర్క్ మొరాయించింది, కొత్త సిస్టమ్‌లో కార్డు పేరు మారి పాత సెట్టింగు దానికి పట్టలేదు. అదీ సరిచేసింది. ముఠా ప్రోగ్రామ్‌ని వాళ్ళ మనిషే వచ్చి ఎక్కించుకున్నాడు. ఆఖర్న, సర్దుతున్నట్టు వంగి, యూపీఎస్ బ్యాటరీ తీగ ఊడబెరికింది.

అప్పుడే తల్లి ఫోన్. "పాపకి ఒళ్ళు వెచ్చగా ఉందే."

సువర్ణ గోడవారకి జరిగింది. "సిరప్ పట్టమ్మా. తడిగుడ్డ వెయ్యి. ఏడిస్తే ఎత్తుకుని తిప్పు, పడుకోబెట్టకు." ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నిజంగానే చెయ్యి వణుకుతోంది. యోసేపు వీపు గుర్తు తెచ్చుకుంది. వణుకు ఆగింది.

గురువారం మృదులకి ఫోన్ చేసింది. "మీకొక్కరికే చెప్తున్నానండీ. రేపు రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళతో కలిసి సిల్వర్‌ఫిన్‌లో దూరతాను. కమాండ్ వెళ్ళే వేళకి గోడవెనక ఇంటర్నెట్ కేబుల్ కోసేస్తాను."

"జాగ్రత్త చెల్లీ," అంది మృదుల, గొంతు నిండా తేనెతో.

శుక్రవారం ముసురు వదల్లేదు. సువర్ణ చీర కుచ్చెళ్ళు ఎగదోపి, నెత్తిన రొయ్యల ట్రేతో గోడవెనక్కి వెళ్ళింది. కేబుల్ మీద చెయ్యి వేసిందో లేదో, పొదల్లోంచి తుపాకులు లేచాయి.

అంటే మృదులే. సువర్ణకి ఏడుపు రాలేదు. ఒక విధమైన చల్లదనం వచ్చింది.

సర్వర్ గదిలో మృదుల కాలుమీద కాలేసుకుని కూర్చుంది. పక్కన తెల్లసూటు విదేశీయుడు, పెలికాన్.

"ఈవిడ మన జయశ్రీగారు కదండీ!" అన్నాడు అబ్బాయిరాజు తెల్లబోయి.

పెలికాన్ ఉలిక్కిపడి సర్వర్ చూపించాడు. "చెక్!"

మృదుల కీబోర్డు లాక్కుని చూసింది. "పర్‌ఫెక్ట్‌గా నడుస్తోంది. కేబుల్ కొయ్యడమే దీని ప్లాన్. ఇక నీ ఆట కట్టు, చెల్లీ."

తెరమీద అంకెలు తగ్గుతున్నాయి. కాపలావాళ్ళలో సగం కేబుల్ దగ్గర, సగం సువర్ణ చుట్టూ. రోడ్డుపక్క ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైన్‌మన్ చొక్కాలో ఉన్న ఏజెంట్ సీమోనుని చూసినవాడు లేడు.

"ఇక చాలు సీమోనూ," అంది సువర్ణ, జడ క్లిప్పులోని మైకుకి.

అంకెల్లో ఒకటి మిగిలి ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యిమని చచ్చింది. సర్వర్ నల్లబడింది.

బయట జనరేటర్ అందుకుంది. పెలికాన్ నవ్వాడు. తెర మాత్రం వెలగలేదు. వెలిగింది చెరువు. బయటికి పరుగెత్తిన అబ్బాయిరాజు చెయ్యి అలవాటుగా లీవర్ని కిందికి లాగేసింది.

"ఇడియట్! ఆఫీస్!"

"ముందు చెరువుకండీ..." అని నసుగుతూనే లీవర్ని పైకెత్తాడు. ఏరేటర్లు ఆగాయి. సర్వర్ లేచింది. తెల్ల అక్షరాలు గబగబా పరుగెత్తి ఒక్కచోట ఆగాయి. పాస్‌వర్డ్ కావాలట.

పెలికాన్ పిస్తోలు సువర్ణ కణతకి ఆనింది.

"చెప్తానండీ," అంది సువర్ణ. "ముందు మృదులగారు చెప్పాలి. ఆ పడవలో వెనక కూర్చుందెవరండీ?"

"నేనే! తెడ్డు వేస్తున్నంతసేపూ నీ కూతురి కబుర్లే చెప్పాడు, వెర్రిబాగులవాడు. పాస్‌వర్డ్ చెప్పు!"

గేటు బయట ఐసు లారీలో కూర్చున్న ప్రసాదరావుకి ఆ మాటలు చాలు. తలుపు బద్దలైంది. పోలీసులు పెలికాన్‌ని నేలకేసి అదిమారు. మృదుల వెనక తలుపులోంచి చెరువుగట్టు మీదికి పరుగెత్తింది. ఎత్తు మడమల చెప్పు బురదలో దిగబడింది. దభీమని నీళ్ళలో పడి, దొరికిన ఏరేటర్ని కరుచుకుంది. దానికి ఎర్రగుడ్డ కట్టి ఉంది: కరెంటు లీకయ్యే మోటారు, నడిచేటప్పుడు దగ్గరికి పోవద్దని గుర్తు.

"రొయ్య పైకి తేలుతోందండీ! చెరువుకివ్వాలి!" అబ్బాయిరాజు లీవర్ మీదికి దూకబోయాడు. మృదుల వెనకే బయటికి పరుగెత్తుకొచ్చిన సువర్ణే ముందు పట్టుకుంది.

ఒక్క లాగు. అంతే.

"వద్దు సువర్ణా!" అని నీళ్ళలోంచి అరుపు.

సువర్ణ చెయ్యి వణకలేదు. లీవర్ సగం దిగింది. యోసేపు ఏమీ తెలియకుండా ఒక్క క్షణంలో పోయాడు. ఇదీ ఒక్క క్షణంలో పోతుంది. అంత తొందరగానా?

ఇటూ అటూ కాకుండా లీవర్ని మధ్యలో ఆపి, అబ్బాయిరాజు కాళ్ళావేళ్ళా పడుతున్నా అలాగే పట్టుకు నిలబడింది. పోలీసులు మృదులని గట్టుకి ఈడ్చాక కిందికి లాగింది. చెరువంతా తెల్లగా నురగలెత్తింది.

జీపు దగ్గర మృదుల బేడీలతో ఆగింది. కాటుక బుగ్గలదాకా కారింది. "నిజం చెప్పు. ఏంటా పాస్‌వర్డ్?"

సువర్ణ ఎంతో మర్యాదగా జీపు తలుపు వేసింది.

"మీరు బయటికొచ్చాక చెప్తానండీ. ఇప్పుడంత తొందరేం లేదు కదా."